దగ్గరి పేరు

దగ్గరగా ఉన్న మాట రాస్తే నిజం రాసినట్టా, అబద్ధం రాసినట్టా? నాలుగేళ్లుగా లినెట్‌ను ఈ సందేహం వదల్లేదు. చర్చి క్లినిక్‌లో కంప్యూటర్ పెట్టిన మొదటి వారంలోనే అది పుట్టింది. నర్సులు కార్డుల మీద చేత్తో రాసిన జబ్బులన్నిటినీ యంత్రంలోకి ఎక్కించడం ఆమె పని. యంత్రం మనుషుల మాట తీసుకోదు. దానికొక లిస్టు ఉంది. లోకంలో ఏ ఊరి డాక్టరు చూసినా ఒకే అర్థం తెలిసేలా ప్రతి జబ్బుకూ ఒక పేరు, ఆ పేరు వెనక ఒక నంబరు. అందులోంచే ఏరుకోవాలి. సరిగ్గా అతికే పేరు దొరక్కపోతే, దగ్గరగా ఉన్నది.

ఒకసారి పాస్టరుగారిని అడిగింది కూడా. "చేతికొచ్చిన పని నమ్మకంగా చెయ్యమ్మా. మిగతాది ప్రభువు చూసుకుంటాడు" అన్నారాయన. లినెట్ తలూపింది. సందేహం మాత్రం ఎక్కడికీ పోలేదు.

సోమవారం నుంచి అది ఇంటికొచ్చి కూర్చుంది.

"ఆ గిన్నె కూడా నీదేనా?" అంది డొరీన్.

గురువారం పొద్దున. వంటపాకలో తల్లి డొరీన్ అరటాకుల్లో ఉడికించే లప్‌లప్ కోసం పెండలం తురుముతోంది. లినెట్ అరటాకులు సెగ మీద వాడుస్తోంది. గుమ్మం దగ్గర వదిన సెరా, ఏడో నెల కడుపుతో కింద చతికిలబడి, తన సామాన్లన్నీ చాపలో పెట్టి మూట చుడుతోంది. ఆమె పుట్టింటి వైపు, దక్షిణానికి వెళ్లే ఓడ సాయంత్రం నాలుగింటికి.

"మా అమ్మ ఇచ్చింది. అడుగున మా ఊరి గుర్తు గీసి ఉంటుంది, తిప్పి చూసుకో అత్తా. మీ గిన్నె మోసుకుపోయే ఖర్మ నాకేం పట్టలేదు."

"గిన్నె పోతే పోయింది. మా ఇంటి పరువు మోసుకుపోతున్నావ్."

"పరువా? అది ఓడలో ఎక్కనివ్వరులే. బరువెక్కువ."

డొరీన్ తురుము ఆపింది. చర్చి ఎల్డరు భార్యగా ఇరవయ్యేళ్లు, విధవరాలిగా తొమ్మిదేళ్లు ఆ సందులో తలెత్తుకు తిరిగిన మనిషి. కోడలు ఎదురు చెప్పడం ఆమెకు కొత్త కాదు. ఈ మూడు రోజుల్లో చెబుతున్న తీరు కొత్త.

నీళ్ల ట్యాంకు పక్కన సెరా మొగుడు హారిసన్ కత్తి నూరుతున్నాడు. కొబ్బరి మిల్లుకు సెలవు పెట్టాడు. మూడు రాత్రులుగా మత్తెక్కించే కావా తాగే పాకలోనే పడుకుంటున్నాడు. ఇంటికొచ్చి తింటాడు. పెళ్లాం వడ్డిస్తే తినడు, తల్లి వడ్డిస్తేనే తింటాడు.

"మళ్లీ అడుగుతున్నా" అన్నాడు తల ఎత్తకుండానే. "ఎవరు?"

"మళ్లీ చెప్తున్నా. ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండానే వస్తుందా ఆ జబ్బు? నా రక్తం పరీక్ష చేయించుకున్నా. శుభ్రంగా ఉంది. కావాలంటే ఆ కాగితం చూపిస్తా."

"అద్దం కట్టించి గోడకి కొట్టుకో. మన పెళ్లి ఫోటో పక్కన చోటుంది."

"నోరు ముయ్యి!"

"ముయ్యను. మూసుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది."

రాయి మీద కత్తి ఒకసారి గట్టిగా గీసుకుంది.

సోమవారం క్లినిక్ నుంచి హారిసన్ పేరు మీద ఉత్తరం వచ్చింది. 'మీ భార్య ఆరోగ్యం విషయమై మీరు కూడా రక్త పరీక్షకు రావలెను' అని నాలుగు లైన్లు. కాగితం అడుగున, ఆఫీసు వాళ్ల గుర్తు కోసం చిన్న అక్షరాల్లో జబ్బు పేరు. లోపల దాగి ఉన్న సిఫిలిస్. హారిసన్‌కు ఇంగ్లీషు చదవడం వచ్చు. అదే కొంప ముంచింది.

"నువ్వేం మాట్లాడవేం లినెట్?" అంది సెరా ఉన్నట్టుండి.

లినెట్ చేతిలో ఆకు సెగకు నల్లబడింది, వేళ్లు చురుక్కుమన్నాయి.

"క్లినిక్ మనిషివి. ఈ ఊళ్లో అందరి జబ్బులూ నీ వేళ్ల కిందనుంచే వెళ్తాయి. నాదీ వెళ్లే ఉంటుంది కదా?"

"వదినా, అవి బయట మాట్లాడకూడదు. మా రూలు..."

"బయటేంటి, ఇది వంటపాక. వెళ్లిందా, లేదా?"

"...వెళ్లింది."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

సెరా మూట ముడి వేయడం ఆపేసింది. "పోయిన నెల. అంటే అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నా పక్కన, అదే చాప మీద మోకరించి ప్రార్థన చేశావ్. నా కడుపు మీద చెయ్యేసి బిడ్డ కోసం ప్రార్థన చేశావ్. లోపల ఇది పెట్టుకుని."

లినెట్ మాడిన ఆకును పొయ్యిలోకి తోసింది.

"మీ అన్నకి చెప్పింది నువ్వేనా?"

"దేవుడి తోడు, నేను కాదు. ఆ ఉత్తరం యంత్రం తనంతట తనే వేస్తుంది. ఫలానా పేరు పడితే మొగుడికి ఉత్తరం వెళ్లాలని అందులో ముందే పెట్టి ఉంటుంది."

"ఫలానా పేరు ఎవరు పెట్టారు మరి? అది కూడా తనంతట తనే పెట్టుకుందా?"

హారిసన్ కత్తి కింద పెట్టి లేచాడు. చెల్లెలి వైపు చూశాడు. "అయితే నీకు తెలుసన్నమాట. నర్సుకి తెలుసు. ఇంకెవరెవరికి తెలుసో. తెలియంది నాకొక్కడికే."

"అన్నా, నా మాట విను..."

"ఈ ఇంట్లో ఎవరి మాట వినాలో నాకిప్పుడు తెలియట్లేదు."

అతను వెళ్లి ట్యాంకు వెనక కూర్చున్నాడు. డొరీన్ కూతురి వైపు ఒక చూపు చూసి మళ్లీ తురుముకు వంగింది. ఆ చూపులో కోపం లేదు. లెక్క వేస్తున్నట్టుంది. దానికే లినెట్‌కు ఎక్కువ భయం వేసింది.

ఆకులు అక్కడే వదిలేసి ఆమె క్లినిక్‌కు బయల్దేరింది.

* * *

సిస్టర్ ఓలివెట్ ముప్ఫై ఏళ్లుగా దీవుల్లో నర్సు. ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. వరండాలో పసిపిల్లకు సూది వేస్తూ, ఏడుస్తున్న పిల్లనూ, వణుకుతున్న తల్లినీ ఒకేసారి గదమాయిస్తోంది.

"ఏంటా మొహం? సెలవన్నావుగా ఇవాళ."

"మా వదిన కార్డు చూడాలి సిస్టర్."

ఓలివెట్ సూది ట్రేలో పడేసి ఆమె వైపు తిరిగింది. "మీ వదిన కార్డు నువ్వెక్కించావా? సొంతవాళ్ల కార్డు పక్కవాళ్లకి ఇవ్వాలని చెప్పానా లేదా?"

"పక్కన ఎవరూ లేరు. మేరీ కాన్పుకెళ్లింది. పెట్టెలో కార్డులు మిగిలిపోయాయి."

"మిగిలితే మిగిలాయి."

ఇనుప అరలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టారు. ఓలివెట్ చేతిరాత. కోడి కెలికినట్టుంటుందని అందరూ నవ్వుతారు గానీ చదవడం అలవాటైన లినెట్‌కు ప్రతి ముక్కా తెలిసింది. 'రక్తపరీక్ష పాజిటివ్. చిన్నప్పుడు యాస్ పుండ్లు. ఎడమ మోకాలి కింద గుండ్రటి పాత మచ్చ. తల్లికీ, అన్నలకీ కూడా వచ్చాయట. ఎందుకైనా మంచిదని ఇంజెక్షన్ ఇచ్చాను.'

"చదివావా?"

"చదివాను."

"అప్పుడు కూడా చదివావా?"

"...చదివాను."

"మరి పెట్టిందేంటి?"

లినెట్ తెర మీద చూపించింది. ఓలివెట్ కళ్లద్దాలు పైకి తోసుకుని చదివింది.

"ఆ అమ్మాయిది దక్షిణాన టన్నా దీవిలో అడవి ఊరు" అంది. "వానలు, బురద. పిల్లలు ఒకళ్లనొకళ్లు తాకితే చాలు, కాళ్ల మీద యాస్ పుండ్లు లేచేవి. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో ఎంతమంది పుండ్లు నేను ఈ చేతుల్తో కడిగానో. అందులో పాపం లేదు, మగాడు లేడు. కానీ యాస్ పురుగూ సిఫిలిస్ పురుగూ అక్కచెల్లెళ్లలాంటివి. రక్తంలో ఒకేలా కనిపిస్తాయి. పరీక్షకి తేడా తెలీదు. అందుకే కదా ఇంత రాసి చచ్చాను!"

"సిస్టర్, మన లిస్టులో యాస్ అంటే పుండు ఉన్నదే ఉంది. పుండు మానిపోయి రక్తంలో మాత్రం మిగిలిందానికి పేరు లేదు. గడి ఖాళీగా వదిలితే ఎర్రగా మెరుస్తుంది, మూసుకోదు. దగ్గరిది పెట్టాను."

"దగ్గరివి రెండున్నాయి కదా. యాస్ ఒకటి, ఇదొకటి."

"పుండు లేదు కదా అని..."

"ఓహో. ఉండు." ఓలివెట్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ ఏడాది టన్నా వాళ్లు, కొండల వాళ్లు ఇంకా వచ్చారు. ఇలాగే రాశాను నేను. వాళ్లవి తియ్యి."

లినెట్ వెతికింది. ముగ్గురు ఆడవాళ్లు. ముగ్గురి కార్డుల మీదా అదే చేతిరాత, అదే మాటలు. చిన్నప్పటి పుండ్లు, పాత మచ్చ. ముగ్గురికీ తెర మీద 'యాస్' అని ఉంది. పక్కనే ఎక్కించినవాళ్ల పేరు, తేదీ, గంట. మూడు చోట్లా లినెట్ పేరే.

ఫ్యాను తిరుగుతోంది. వరండాలో పసిపిల్ల ఏడుపు మానేసి ఎక్కిళ్లు పెడుతోంది.

"వాళ్లకీ పుండు లేదు" అంది ఓలివెట్ నెమ్మదిగా. "వాళ్లకి ఆ దగ్గరి పేరు పెట్టావు. మీ వదినకి ఈ దగ్గరి పేరు పెట్టావు. నేను నిన్ను తిట్టట్లేదమ్మా. అడుగుతున్నా. ఎందుకు?"

ఆ రోజు లినెట్‌కు గుర్తుంది. మధ్యాహ్నం, పెట్టెలో చివరి కార్డు. తెర మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలో ఆమె మనసులోకి వచ్చింది మోకాలి కింది మచ్చ కాదు. పెళ్లికి ముందు సెరా విలా పట్నంలో పని చేసిన రెండేళ్లు. ఆ రెండేళ్ల గురించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ తెలియనితనంలోకి ఆమె వేలు జారింది.

"నాకు తెలీదు సిస్టర్" అంది. అని, అది కూడా దగ్గరి మాటే అనుకుంది.

ఓలివెట్ లిస్టు పంపిన విలా ఆఫీసుకు ఫోను చేసింది. అవతల ఎవరో కుర్రగొంతు, మర్యాదస్తుడు. అసలు లిస్టులో పేర్లు లక్షల్లో ఉన్నాయని, చిన్న క్లినిక్కుల కోసం తొమ్మిది వందలు ఏరి పెట్టామని చెప్పాడు. యాస్ దాదాపు పోయిందనుకుని ఒక్క పేరే ఉంచారట.

"ఎవరనుకున్నారు బాబూ? మా కాళ్లు చూశారా?" అంది ఓలివెట్.

కుర్రాడు క్షమించమన్నాడు. పెద్ద లిస్టులోంచి కావలసిన పేరు తెచ్చుకునే దారి చెప్పాడు. ఓలివెట్ పక్కన నిలబడి చెబుతుంటే లినెట్ టైపు చేసింది. 'రక్తపరీక్ష పాజిటివ్, కారణం తేలలేదు.' దాని కింద, 'చిన్ననాటి యాస్, రోగి చెప్పినది.' ఇన్నాళ్లూ ఆ పేర్లు ఎక్కడో ఉన్నాయి. అడిగి ఉంటే దొరికేవి.

"పాతది చెరిపెయ్యొచ్చా?" అని ఓలివెట్ ఫోనులో అడిగింది.

"చెరపడం కుదరదు. కొట్టివెయ్యడమే. ఎవరు పెట్టారో, ఎవరు కొట్టేశారో, ఎందుకో, అన్నీ ఉండిపోతాయి."

'ఎందుకు' అన్న గడిలోనూ ఏరుకోవడానికి నాలుగు మాటలు వచ్చాయి. లినెట్ 'తప్పు ఎంపిక' అన్నదాన్ని నొక్కింది. ఈసారి దగ్గరి పేరుతో పని పడలేదు.

"సోమవారం మేనేజరుకి నేను రాయాలి" అంది ఓలివెట్. "నీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో లేదు. ఇప్పుడు ఇంటికెళ్లు. కానీ ముందు మీ వదిన్ని అడుగు. ఆ కార్డు ఆమెది. ఆమె ఊ అంటేనే ఇంకొకళ్ల ముందు నోరు విప్పు. ఒకసారి అడక్కుండా చేసింది చాలు."

"అన్నయ్యకి ఏమని చెప్పను? యాసే అని చెప్పొచ్చా?"

"ఉన్నది చెప్పు. రక్తం తేల్చలేదని చెప్పు."

"అది చాలుతుందా సిస్టర్ వాడికి?"

ఓలివెట్ కార్డు అరలో పెట్టేసింది.

* * *

లినెట్ ఇల్లు చేరేసరికి రెండు దాటింది. సందు మొదట్లో, సెరాను రేవుకు తీసుకెళ్లాల్సిన రోవో బాబాయి లారీ ఆగి ఉంది. ఆయన స్టీరింగు మీద కాళ్లు పెట్టుకుని బొప్పాయి తింటున్నాడు.

"త్వరగా తేల్చండమ్మా మీ గొడవలు" అన్నాడు. "పాస్టరుగారి కోసమైనా ఓడ ఆగదు. సెరా కోసం అసలాగదు."

సెరా బట్టలుతికే బండ మీద ఒక్కతే కూర్చుని ఉంది. కాళ్లు నీళ్లలో పెట్టుకుంది. లినెట్ ఆమె పక్కన నిలబడి అంతా చెప్పింది. కార్డు సంగతి, లిస్టు సంగతి, ఫోను సంగతి. మిగతా ముగ్గురి సంగతీ దాచలేదు.

సెరా తన మోకాలి వైపు చూసుకుంది. మచ్చ నాణెమంత, నున్నగా ఉంది.

"వాళ్లకలా, నాకిలా. ఎందుకు?"

"విలాలో రెండేళ్లు..."

"ఆహా. విలాలో రెండేళ్లు." సెరా నవ్వింది, అది నవ్వులా లేదు. "విలాలో రెండేళ్లు ఒక ముసలావిడకి ఒళ్లు తుడిచాను. లేవలేదు, మాట్లాడలేదు. రాత్రీ పగలూ పక్కన ఉండేదాన్ని. ఆవిడ పోయాక ఆవిడ చెల్లెలు ఇక్కడ శాంటోలో ఉంటే, బట్టల పెట్టె అప్పగించడానికి ఈ ఊరొచ్చాను. ఇక్కడ మీ అన్న కనబడ్డాడు. అంతే కథ. ఆరేళ్లయింది నేనీ ఇంటికొచ్చి. ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు అడిగారా? అడిగితే చెప్పేదాన్ని. మీకెవరికీ చెబితే వినాలని లేదు. అనుకుంటేనే బాగుంటుంది మీకు."

"తప్పు నాది వదినా."

"నీదే. ఏడవకు, ఏడిస్తే నేనోదార్చాలి. నాకు ఓపిక లేదు." ఆమె బండ పట్టుకుని లేచింది. "పద. నాకు చెప్పిందంతా అందరి ముందూ చెప్పు. ఆ ముగ్గురి సంగతి కూడా. ఒక్క మాట మింగినా నేను లారీ ఎక్కుతాను."

"మింగకపోతే ఉంటావా?"

"అది మీ అన్న చెప్పాలి. నేను కాదు."

వంటపాకలో రాళ్ల మీద లప్‌లప్ ఉడికి కొబ్బరిపాల వాసన వేస్తోంది. ఎవరూ విప్పలేదు. లినెట్ నిలబడే చెప్పింది. డొరీన్ ప్రార్థనలో ఉన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. హారిసన్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

అంతా విన్నాక అతను అడిగింది ఒకటే. "అయితే అది కాదని నర్సు రాసిస్తుందా?"

"రాసివ్వదు అన్నా. రక్తం తేల్చలేదు."

"అంటే అదీ అయుండొచ్చు."

"ఉండొచ్చు. ఈ ఊళ్లో చిన్నప్పుడు పుండు లేచిన ఏ ఆడదాని విషయంలోనైనా ఉండొచ్చు. మగాడి విషయంలోనూ. నీకు సోమవారం కాగితం ఒక మాట చెప్పింది. ఆ మాట నేను పెట్టింది. ఇవాళ దాన్ని కొట్టేశాను. ఇంక కాగితం నీకేం చెప్పదు. నువ్వే తేల్చుకోవాలి."

హారిసన్ పెళ్లాం వైపు చూశాడు. మూడు రోజుల తర్వాత తిన్నగా చూడటం అదే మొదలు. సెరా తల దించుకోలేదు. బతిమాలనూ లేదు.

అతని పెదవులు కదిలేలోపే డొరీన్ అందుకుంది.

"కాగితం సంగతి నాకనవసరం. నేను కాగితం చూసి అనుమానపడలేదు. అంతకు ముందునుంచే నాకు తెలుసు, ఇది అబద్ధమాడగలదని."

"ఏం అబద్ధమాడాను అత్తా?"

"ఆడలేదూ? ఐదేళ్ల కిందట, మా ఆడవాళ్ల సంఘం కూటం ముందు శనివారం. పొద్దుకూకి చాలాసేపయ్యాక ఇద్దరూ కలిసి వచ్చారు. నేనడిగితే నువ్వేమన్నావ్? 'లినెట్ నాతోనే ఉంది అత్తా, చాపల బేరానికి వెళ్లాం, ఆలస్యమైంది' అన్నావ్. ఆ మర్నాడు చర్చిలో మా సంఘం ఎల్సీ చెప్పింది నాకు. ఆ రోజంతా నువ్వు పడవల రేవులో ఒక్కదానివే నిలబడి ఉన్నావట. బుట్ట పట్టుకుని, నీళ్లవైపు చూస్తూ. ఎవడికోసం? అడిగానా? అడగలేదు. కొడుకు కాపురం కదా అని కడుపులో పెట్టుకున్నాను. నా కూతురి పేరు అడ్డం పెట్టుకుని ఎవడికోసమో ఎదురుచూసిన మనిషివి నువ్వు."

హారిసన్ మొహం మళ్లీ బిగుసుకుంది. "ఇది నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మా?"

"చెప్పి ఏం సుఖం?"

లినెట్ వదిన వైపు తిరిగింది. సెరా నోరు విప్పుతుందనుకుంది. విప్పలేదు. పొయ్యి వైపు చూస్తూ నిలబడింది. ఐదేళ్లు విప్పని నోరు, ఇప్పుడు ఓడ పోయే గంట ముందు కూడా విప్పదని లినెట్‌కు అర్థమైంది. విప్పితే లినెట్ సంగతి చెప్పాలి. చెప్పనని ఆ రోజు రేవులో మాటిచ్చింది.

తల్లి గొణుగుడు లినెట్ ఎన్నిసార్లు విన్నది! పక్కింటావిడతోనూ, ప్రార్థన తర్వాతనూ. 'ఆ పిల్ల చూపు నాకు నచ్చదు' అని. విని ఊరుకుంది. ఆ అనుమానం ఎందుకు పుట్టిందో తెలిసీ ఊరుకుంది. వినీవినీ, చివరికి ఆ గొణుగుడునే నిజమని నమ్మింది. ఆ నమ్మకమే పోయిన నెల ఆమె వేలిని పట్టుకుని ఆ పేరు మీద పెట్టింది.

"అమ్మా" అంది. "వదిన ఎదురుచూసింది నాకోసం."

"ఏంటీ?"

"ఆ రోజు నేను చాపల బేరానికి వెళ్లలేదు. మాలో దీవికి వెళ్లాను. ఎడ్గర్‌తో. వాళ్ల సంఘం ఆరాధన శనివారం కదా, ఒక్కసారి వచ్చి చూడమన్నాడు. శనివారం సంఘం వాణ్ణి నా గుమ్మం తొక్కనివ్వనని నువ్వన్నావు, అందుకని చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవ ఇంజను ఆగిపోయింది. వదిన పొద్దున్నుంచీ రేవులోనే నిలబడింది, నేను ఒక్కదాన్నే ఇల్లు చేరితే నువ్వు చంపేస్తావని. అబద్ధం ఆడింది వదినే. ఆడించింది నేను."

డొరీన్ చేతులు ఒళ్లోంచి జారాయి. "ఎడ్గరా? ఆ పడవ వాడా?"

"వాడే. తర్వాత మానేశాను. నీకోసమే మానేశాను. కానీ వదిన మీద పడ్డ నింద మాత్రం తుడవలేదు. నువ్వు సణిగినప్పుడల్లా ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా నన్ను అడగలేదు."

డొరీన్ కొంగు లాంటి భుజం గుడ్డతో మొహం తుడుచుకుంది. కూతురి వైపు చూడలేదు, కోడలి వైపూ చూడలేదు. ఐదేళ్లుగా తాను కట్టుకున్న ఏదో గోడ, ఏ రాయి మీద నిలబడిందో వెతుక్కుంటున్నట్టుంది.

సందు మొదట్లో లారీ హారను రెండుసార్లు మోగింది.

హారిసన్ వంగి గుమ్మం దగ్గరి చాప మూట భుజానికెత్తుకున్నాడు. ఎత్తుకుని అక్కడే నిలబడ్డాడు. అతని మొహం సందువైపూ లేదు, ఇంటివైపూ లేదు.

సెరా మొగుణ్ణి చూడలేదు. లినెట్ దగ్గరకొచ్చి, సెగకు మాడిన ఆమె వేళ్లను ఒకసారి పట్టుకుని వదిలేసింది.

"క్లినిక్ సంగతి వేరే" అంది. "అది అంత తొందరగా పోదు నాలోంచి. ఆ శనివారానికి మాత్రం, మనిద్దరికీ చెల్లు."